లేటెన్సీతో కొట్లాట ఆపి ఒక రౌండు లేటుగా వాయిద్దాం

హైదరాబాద్‌లో ఉండి డల్లాస్‌లో ఉన్న ఫ్రెండ్‌తో లైవ్‌గా ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేద్దామనుకునే వాళ్లందరూ ముందు అడిగేది ఒకటే, లేటెన్సీ, అంటే ఒకరు వాయించింది ఇంకొకరికి చేరడానికి పట్టే ఆలస్యం, పోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని. అసలు అక్కడే దారి తప్పుతున్నాం అని నా అభిప్రాయం, ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్‌తో పోయేది కాదు.

లెక్క చూడండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు. ఇక్కణ్ణుంచి డల్లాస్ 14 వేల కిలోమీటర్ల పైనే, తిన్నగా కేబుల్ లాగినా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు, కేబుల్ ఎప్పుడూ తిన్నగా ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే. ఇద్దరు కలిసి లయ పట్టుకోవాలంటే ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటకూడదు, దాటితే ఒకరి కోసం ఒకరు ఆగుతూ పాట వేగం (టెంపో) మెల్లగా జారిపోతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్ చేఫ్ అనే పరిశోధకుడి బృందం దీన్ని ఇద్దరితో చప్పట్లు కొట్టించి మరీ పరీక్షించింది, నెట్ మీద శబ్దం పంపే జాక్‌ట్రిప్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది కూడా అక్కణ్ణుంచే. హైదరాబాద్, వైజాగ్ మధ్యైతే వైఫై వదిలేసి లాన్ కేబుల్ పెట్టి, బఫర్‌ని (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసే శబ్దం ముక్కని) 128 శాంపిల్స్‌కి దించి, జాక్‌ట్రిప్, సోనోబస్, జామ్యులస్ లాంటివాటితో ప్రయత్నించొచ్చు. డల్లాస్‌కి మాత్రం ఆ ఆశ లేదు.

కానీ మనం చేసేది ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కదా, బీట్ పట్టుకునేది మనిషి కాదు, మెషీన్. విన్‌యాంప్ అనే మ్యూజిక్ ప్లేయర్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ 2005లో నింజామ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు, అందులో ఆలస్యాన్ని తగ్గించే ప్రయత్నమే లేదు, ఉల్టా దాన్ని పెంచి సరిగ్గా ఒక రౌండుకి, అంటే ఇన్ని బీట్లని ముందే అనుకున్న ఒక చుట్టుకి, తెచ్చి పెడతారు. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) 16 బీట్ల రౌండు పెట్టుకుంటే, అంటే మన లెక్కలో ఆదితాళం రెండు ఆవర్తనాలు, సరిగ్గా 8 సెకన్లు. డల్లాస్‌లో ఉన్న ఫ్రెండ్ ఈ రౌండులో వాయించింది నాకు వచ్చే రౌండులో వినిపిస్తుంది, బీట్ మీద బీట్ కరెక్టుగా కూర్చుంటుంది.

దీనివల్ల ఏమవుతుందంటే వాడు డల్లాస్‌లో కిక్ (బీట్ కొట్టే డ్రమ్) తీసేసి బేస్ (మంద్రంగా మోగే స్వరం) ఒక్కటే ఉంచాడనుకోండి, అది నాకు 8 సెకన్ల తర్వాత తెలుస్తుంది, నేను వెంటనే సింత్ (సింథసైజర్) మీద ఫిల్టర్ తెరిచి శబ్దం పదును పెంచి జవాబిచ్చినా అది వాడి చెవిన పడేసరికి వాడు కిక్ తీసి 16 సెకన్లు అయిపోతుంది, ఈలోపు వాడు కిక్ మళ్లీ పెట్టేసి ఉంటాడు. ఇద్దరం ఒకే పాట వినట్లేదు అన్నమాట. కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) మారుతూ పోయే పాటైతే ఇది వెంటనే చెడుతుంది, నా కార్డ్ మీద వాడి పాత కార్డ్ వచ్చి పడుతుంది. అదే కింద శ్రుతి కదలకుండా ఉండి, పైన మోహన స్వరాలతోనో హంసధ్వనితోనో నడిచే మ్యూజిక్ అయితే 8 సెకన్ల పాత మాట కూడా కొత్త మాట పక్కన ఇమిడిపోతుంది. కచేరీలో తాళవాద్యాల వంతైన తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులు వేసుకున్నట్టు ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు తగ్గి వింటే మరీ బాగుంటుంది. మన దగ్గర ఇంత అనువైన పద్ధతి పెట్టుకుని పాశ్చాత్యుల కార్డ్ ప్రోగ్రెషన్లతోనే మొదలుపెడతామెందుకో నాకు అర్థం కాదు.

ఇంకో దారి, శబ్దం పంపకుండా, ఏం వాయించాలో చెప్పే సమాచారం పంపడం. ఇది కొత్తదేం కాదు, ది హబ్ అనే అమెరికన్ గ్రూపు 1987లోనే న్యూయార్క్‌లో రెండు వేదికల మీద ముగ్గురు చొప్పున కూర్చుని మోడెమ్‌తో కంప్యూటర్లు కలిపి కచేరీ చేసింది. ఇప్పుడు ఫ్లాక్, ఎస్ట్యూరీ లాంటివి బ్రౌజర్‌లోనే ఉన్నాయి, ఇద్దరూ ఒకే పేజీలో పాటని పుట్టించే కోడ్ రాస్తారు, శబ్దం మాత్రం ఎవరి మెషీన్‌లో వాళ్లకి పుడుతుంది, పోయేది నాలుగు అక్షరాలే కాబట్టి నెట్ కాస్త వీకైనా తట్టుకుంటుంది. 2016లో వచ్చిన, మెషీన్ల బీట్ కలిపే ఏబుల్టన్ లింక్ కూడా ఇలాగే పనిచేస్తుందనుకుంటారు చాలామంది, కానీ అది ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకే.

ఏ పద్ధతైనా ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది, ప్రేక్షకులు ఎటు ఉన్నారు అని. నింజామ్‌తో చేస్తే రెండు చోట్లా రెండు వేర్వేరు పాటలు పుడతాయి కాబట్టి జనం ఉన్న చోట వినిపించేదే అసలు పాట అని ఇద్దరూ ఒప్పుకోవాలి, డ్రాప్‌లు (బీట్ ఒక్కసారిగా తిరిగొచ్చే చోట్లు), బ్రేక్‌లు (బీట్ ఆగే చోట్లు) ఆ చోట ఉన్నవాడి చేతికే ఇవ్వాలి, దూరంగా ఉన్నవాడు నెమ్మదిగా మారే ప్యాడ్స్, టెక్స్చర్స్ లాంటి వెనక సాగే శబ్దాలు చూసుకోవాలి. అది చిన్న పాత్ర అని నేననుకోను, శనివారం రాత్రి 9కి ఇక్కడ సెట్ మొదలైతే వేసవిలో అక్కడ పొద్దున 10:30, జనం అరుపులు కూడా వినబడని గదిలో కూర్చుని వాయించడం చాలా కష్టమైన పని. అందుకే హాల్లో ఒక మైక్ పెట్టి ఆ సందడి వాడికి పంపాలి, వాడి స్క్రీన్‌ని స్టేజీ వెనక పెద్దగా వేయాలి, వాడు ఏ నాబ్ తిప్పుతున్నాడో, కోడ్‌లో ఏ లైను మారుస్తున్నాడో జనానికి కనబడాలి.