వంతల నోటికి స్క్రిప్టు ఇచ్చింది ఎవరు?

బుర్రకథ అనగానే తంబుర భుజాన వేసుకుని అడుగులు వేసే కథకుడే కళ్ల ముందుకొస్తాడు. కథ ఆయనదే, వీరావేశం ఆయనదే, మర్నాడు పేపర్లో పడే ఫొటో కూడా ఆయనదే. అర్ధరాత్రి దాటినా జనం చాపలు చుట్టుకుని లేచిపోకుండా ఉన్నారంటే మాత్రం అది ఆయనకు రెండు పక్కలా డక్కీలు పట్టుకుని వంత పాడుతూ నిలబడ్డ ఇద్దరి వల్ల. వాళ్లనే వంతలు అంటారు. వాళ్లలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. హాస్యగాడు కథను పక్కదారి పట్టిస్తాడు. రాజకీయం చెప్పేవాడు ఆ పక్కదారిని తీసుకొచ్చి మన ఊరి పంచాయతీ ఆఫీసు ముందు కలుపుతాడు. పాటతో, తాళంతో, నవ్వుతో పెద్దల్ని నిలదీసే జంట కళాకారులు అచ్చంగా వీళ్లే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంబరం జరిగితే ఒకప్పుడు వీళ్లు లేకుండా ఉండేది కాదు.

ఆ ఇద్దరూ ఇప్పుడేం పాడుతున్నారో చూస్తుంటే బాధేస్తుంది. చేతులు కడుక్కోండి, మరుగుదొడ్డి కట్టుకోండి, ఓటు వేయండి, ఫలానా పథకానికి దరఖాస్తు పెట్టుకోండి. ఇవన్నీ చెప్పాల్సిన మంచి మాటలే, నాకు వాటితో పేచీ లేదు. కానీ ఆ స్క్రిప్టు ఆఫీసు నుంచి వస్తుంది. రాజకీయ వంత ప్రభుత్వం మాటను ప్రభుత్వం డబ్బుతో ప్రభుత్వం వేదిక మీద చెబుతాడు. హాస్య వంత "ఔనా అన్నా, నిజమే అన్నా" అంటూ తల ఊపుతాడు. ప్రశ్న అడగడానికి పుట్టిన పాత్ర జవాబు అప్పజెప్పే పాత్ర అయిపోయింది.

అసలు ఆ ప్రశ్న ఎలా పనిచేస్తుందో చూడాలి. ఉదాహరణకి కథకుడు "రాజుగారు మందీ మార్బలంతో మన ఊరికి విచ్చేశారు" అని రాగం తీశాడనుకుందాం. వెంటనే హాస్యం అందుకుంటాడు: "ఏటి బావూ, ఓట్లు దగ్గరికొచ్చినాయేటి?" రాజకీయం డక్కీ మీద ఒక దెబ్బ వేసి అంటాడు: "వచ్చినాయి గనకే వచ్చినాడు. ఓట్లైపోయినాక మనూరికి ఎవులొస్తార్రా?" కథకుడు ఏమీ ఎరగనట్టు మళ్లీ రాజుగారి దగ్గరికి వెళ్లిపోతాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. ముందు వరసలో కుర్చీ వేసుకున్న పెద్దమనిషి కూడా జనంతో పాటు నవ్వక తప్పదు. నవ్వకపోతే ఆ మాట తనకే తగిలిందని ఒప్పుకున్నట్టవుతుంది. కథకుడు ఒక్కడే ఈ మాటన్నాడనుకోండి, అది తిట్టులాగానో ఉపన్యాసంలాగానో వినిపిస్తుంది. అమాయకంగా అడిగేవాడు ఒకడు, తెలివిగా చెప్పేవాడు ఒకడు ఉంటేనే దానికి ఆట రూపం వస్తుంది, పాడేవాళ్లకు రక్షణా దొరుకుతుంది.

విజయనగరం వాళ్లు ఇక్కడ ఆదిభట్ల నారాయణదాసు గారిని గుర్తు చేస్తారని తెలుసు. ఆయన హరికథలో ఒంటరిగానే నిలబడి నవ్వించారు. నిజమే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన ఆ మహానుభావుడికి ఏ వంతా అక్కర్లేదు. అయితే హరికథలో పిట్టకథ చెప్పేటప్పుడు హరిదాసు గొంతు మార్చి అడిగేవాడూ తానే, చెప్పేవాడూ తానే అవుతాడు. ఒక్క మనిషిలోనే ఇద్దరు ఉంటారు. అలాంటి మనిషి ఎప్పుడో ఒకడు పుడతాడు. ఊరూరా ఆ పని సాగాలంటే మామూలు మనుషులు ఇద్దరు కావాలి.

మన ప్రాంతానికి సొంతమైన జముకుల కథలోనూ ఇదే పద్ధతి. ఒక పక్క తోలు మూసి, దాని మధ్యలోంచి తీసిన నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే జముకు పలుకుతుంది. అమ్మవారి కథల కోసం ఉన్న ఆ వాద్యాన్ని 1960ల చివర్లో సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళం నక్సలైటు రైతాంగ పోరాటం కోసం పట్టుకున్నారు. బొడ్డపాడులో పూజారిగా ఉన్న ఆయన 1969 డిసెంబరులో పోలీసుల తూటాలకు చనిపోయారు. తర్వాతి తరంలో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు (1943–2020) ఈ యాసనూ, ఈ దరువులనూ తెలుగు నేలంతా తిప్పారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన మనిషి కాబట్టి ఆయన వెటకారంలో కూలివాడి చూపు ఉంది. వీళ్లిద్దరి మీదా నాకు గౌరవం. అయినా ఒక మాట అనాలి. ఉద్యమ కళాదళాల కథల్లో వంతకు భూస్వామి మీద, షావుకారు మీద, పోలీసు మీద ఉన్నంత చనువు సొంత పార్టీ మీద ఉన్నట్టు కనిపించదు. అక్కడ కూడా వంతను నిలబెట్టిన చెయ్యి ఒకటుంది.

ఇదే సంగతిని ఇంగ్లండులోని ఒక జంట మరో వైపు నుంచి చూపిస్తుంది. మైకేల్ ఫ్లాండర్స్, డొనాల్డ్ స్వాన్ స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లు. ఫ్లాండర్స్ పాటలు రాస్తే స్వాన్ బాణీలు కట్టేవాడు. 1943లో నౌకాదళంలో ఉండగా పోలియో వచ్చి ఫ్లాండర్స్ చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. మొదట్లో ఇద్దరూ వేరేవాళ్ల కోసం పాటలు తయారు చేశారు. 1956 డిసెంబరు 31న లండన్‌లో ఒక చిన్న థియేటర్లో తామే స్టేజీ ఎక్కారు. సెట్టింగులు లేవు, బృందం లేదు. ఒక పియానో, ఒక చక్రాల కుర్చీ, ఇద్దరు మనుషులు. కొద్ది వారాల్లోనే పెద్ద థియేటర్‌కి మారి రెండేళ్లకు పైగా ఆడారు. 1959లో న్యూయార్క్ వెళ్లారు. 1963లో రెండో ప్రదర్శన మొదలుపెట్టి 1967లో ఆపేశారు. కుర్చీలోంచి ఫ్లాండర్స్ తీరిగ్గా మాట్లాడుతుంటే పియానో దగ్గర స్వాన్ ఉండబట్టలేక నవ్వేస్తూ, పాడుతూ ఆడుకునే ఆ ఆట మన వంతల ఆటే.

వాళ్లది మరీ మెత్తటి హాస్యమని, మధ్యతరగతిని కాస్త గిలిగింతలు పెట్టి ఇంటికి పంపేవారని ఒక విమర్శ ఉంది. నేను ఒప్పుకోను. భూమ్మీద ఒక్కో మనిషి తలకూ ఇరవై టన్నుల పేలుడు మందు వాటా వస్తుందని లెక్క చెప్పే పాట కూడా ఆ ఇద్దరిదే. కానీ మన జిల్లాకు దగ్గరగా వచ్చేది ఇంకో పాట. నష్టాల పేరుతో రెండు వేలకు పైగా చిన్న రైల్వే స్టేషన్లు మూసేయాలని 1963లో అక్కడ ఒక నివేదిక వచ్చింది. ఆ ఏడాదే వీళ్లు రైలు మీద పాట కట్టారు. అందులో తిట్లు లేవు, వాదన లేదు. మూతపడబోయే స్టేషన్ల పేర్లను ఒకదాని వెంట ఒకటి నెమ్మదిగా పాడతారు. వినేవాడికి గొంతు పట్టేస్తుంది. నవ్వించడానికి వచ్చినవాళ్లు ఏడిపించడం కూడా ఎరుగుదురు.

మన నౌపడ–గుణుపురం రైలు సంగతి తలుచుకోండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ చిన్న లైను 1900లో మొదలైంది. నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా పోయే ఆ నేరోగేజి బండి 2004లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజి చేసి గుణుపురం దాకా మళ్లీ రైలు నడపడానికి 2011 వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో జనం బస్సుల వెంట, ఆటోల వెంట పడ్డారు. ఇద్దరు వంతలకు ఒక పూర్తి రాత్రికి సరిపడా సరుకు ఇందులో ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎన్ని కమిటీలు వచ్చాయో, 2018లో తిత్లీ తుపాను పోయాక పరిహారం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాల్సి వచ్చిందో, మన మత్స్యకారులు ఇంత సముద్రాన్ని ఇంటి ముందు పెట్టుకుని గుజరాత్‌కి వలస ఎందుకు పోతున్నారో, హాస్యం అమాయకంగా అడగాలి, రాజకీయం చెప్పాలి. అడిగేవాడు వేదిక మీద లేడు.

ఆ ఇంగ్లండు జంటకూ మన పాత బుర్రకథ దళాలకూ ఒక పోలిక ఉంది. వాళ్ల డబ్బు టికెట్ల మీద వచ్చేది. మన దళాల డబ్బు ఊరి చందాల మీద, చదివింపుల మీద వచ్చేది. కథ మధ్యలో ఆపి "ఫలానా వారు పది రూపాయలు చదివించారు" అని పేరు పేరునా చెప్పడం చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పది రూపాయలిచ్చిన కూలివాడి పేరు కూడా మైకులో మోగేది. అంతమంది కొంచెం కొంచెం ఇచ్చినప్పుడు దళం ఏ ఒక్కరికీ బాకీ పడదు. మునసబు ఎక్కువ చదివించి ఉండొచ్చు, అయినా ఆయన ఒక్కడి డబ్బుతో కథ జరగలేదు కాబట్టి ఆయన మీద ఒక విసురు విసరొచ్చు. చదివింపుల లెక్కలోనే వ్యంగ్యానికి స్వేచ్ఛ దాగుంది. ఇప్పుడు దళానికి డబ్బు ఒక్క చేతి నుంచి వస్తుంది, అదీ బిల్లు పాసయ్యాక. ఎదురు ప్రశ్న వేస్తే వచ్చే నెల ప్రోగ్రాం ఉంటుందో ఉండదో అన్న టెన్షన్ కళాకారుడికి ఉంటుంది. దానికి అతన్ని తప్పు పట్టలేం. ఇల్లు గడవాలి.

ఊళ్లో డబ్బు లేదనడం మాత్రం కుదరదు. సంబరాల కమిటీలు డీజేలకు, లైటింగుకు, డ్యాన్స్ ప్రోగ్రాములకు పెట్టే ఖర్చు అందరికీ కనిపిస్తూనే ఉంది. కుర్రాళ్లకు హాస్యం వద్దా అంటే, ఫోన్లో రోజంతా చూసేది అదే. సినిమాల్లో, టీవీ స్కిట్లలో మన యాసకు గిరాకీ బాగానే ఉంది. కాకపోతే అక్కడ నవ్వు యాస మీద వస్తుంది. పనిమనిషి, అమాయకపు పల్లెటూరివాడు నోరు విప్పి "ఏటి" అనగానే జనం నవ్వాలని రాసుకుంటారు. అదే "ఏటి" హాస్య వంత నోట్లో పెద్దల్ని చూసి నవ్వేది. ఆ తేడా మన పిల్లలకు తెలియకుండా పోతోంది. ఇది నాకు డబ్బు సంగతి కంటే ఎక్కువ కష్టంగా ఉంది.

కమిటీలు చేయగలిగింది ఉంది. డీజేకి పెట్టేదాంట్లో కొంత తీసి ఒక్క రాత్రి బుర్రకథకో జముకుల కథకో ఇవ్వొచ్చు. కథ ఏదైనా సరే, వంతలు ఊరి సంగతులు మాట్లాడతారని ముందే మైకులో చెప్పాలి. చదివింపులు మళ్లీ మొదలుపెట్టాలి, ఫోన్‌పేలో పంపినా పేరు చదవాలి. సర్కారు కూడా తన ప్రచారానికి దళాల్ని వాడుకోవచ్చు, కానీ కథ పాఠం ఇచ్చినప్పుడు వంతల మాటల్ని ఖాళీగా వదిలేయాలి. విజయనగరంలో ఏటా పైడితల్లి అమ్మవారి పండుగప్పుడు ప్రభుత్వమే ఉత్సవాలు జరుపుతుంది. వచ్చే ఏడాది అందులో ఒక రాత్రిని వంతలకు కేటాయించి, ముందుగా స్క్రిప్టు అడగకుండా వేదిక ఇవ్వాలి. ప్రారంభోత్సవానికి ముందు వరసలో కూర్చునే మంత్రులు, ఎమ్మెల్యేలు, అధికారులు ఆ రాత్రి కూడా వచ్చి అదే వరసలో కూర్చోవాలి.