పొట్టేలు ఫొటోకి అంత క్రేజ్ ఎందుకు?

2018 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీకి చెందిన గ్రామీణ జీవన మ్యూజియం ట్విట్టర్‌లో ఓ పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో పెట్టింది. అందులో ఉన్నది ఒక పొట్టేలు, అంతే. పైన రాసింది కూడా ఒక్క ముక్కే, మన మాటల్లో చెప్పాలంటే "చూశారా, ఎంత దుక్కలా ఉన్నాడో!" అని. జనం ఎగబడి షేర్ చేశారు. దీని వెనక వీఆర్ (కళ్లజోడు పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీ) లేదు, యాప్ లేదు. తమ దగ్గర ఏముందో తెలిసి, కాస్త సరదా కూడా తెలిసిన ఉద్యోగి ఉన్నారు, అంతే. లాక్‌డౌన్‌లో అమెరికాలోని ఓక్లహామా సిటీ కౌబాయ్ మ్యూజియం అయితే ఏకంగా సెక్యూరిటీ గార్డుకే ట్విట్టర్ అకౌంటు అప్పజెప్పింది. ఆయన హ్యాష్‌ట్యాగ్ గుర్తు పెట్టకుండా "హ్యాష్‌ట్యాగ్" అన్న మాటనే రాసేవాడు. అదే అందరికీ నచ్చింది.

కానీ డిజిటల్ అనగానే చాలా మ్యూజియంలకు ముందు గుర్తొచ్చేది పెద్ద స్క్రీనే. 2022లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా తన సేకరణలోని 1,38,000కు పైగా కళాఖండాల డేటాను ఏఐకి తినిపించి, రెఫీక్ అనడోల్ అనే డిజిటల్ కళాకారుడి చేత లాబీలోని పెద్ద స్క్రీన్ మీద రంగుల అలలు పారించింది. అందంగానే ఉండేది, కూర్చుని చూస్తూ ఉండిపోయేలా. కాకపోతే ఆ లక్షా చిల్లరలో ఒక్క బొమ్మ కూడా మనకి దగ్గరవలేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం చేసింది దీనికి పూర్తిగా రివర్స్. పాతకాలపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన 'నైట్ వాచ్' చిత్రం ఒక్కదాన్నే పట్టుకుని 8,439 ఫొటోలు తీసి, 71,700 కోట్ల పిక్సెళ్ల బొమ్మగా కుట్టి, 2022లో ఉచితంగా నెట్‌లో పెట్టేసింది. జూమ్ చేస్తూ పోతే మొహాలు పోయి రంగులో పగుళ్లు కనిపిస్తాయి, అసలు చిత్రం ముందు నిలబడ్డా మామూలు కంటికి అందనివి. నా ఓటు దీనికే.

సెల్ఫీల సంగతి కొంచెం తిరకాసు. 2020లో అమెరికాలోని గెట్టీ మ్యూజియం, ఇంట్లో ఉన్న వస్తువులతో ప్రసిద్ధ చిత్రాలను అనుకరించండి అంటే జనం దుప్పట్లు, టాయిలెట్ పేపర్, పెంపుడు కుక్కలతో సహా దిగిపోయారు. చూడటానికి కోతి చేష్టల్లా ఉన్నా, మడత ఎటు పడింది, చెయ్యి ఎక్కడుంది అని అసలు చిత్రాన్ని పట్టి పట్టి చూడకపోతే ఆ పని కాదు. 2025 జూన్‌లో ఇటలీలోని ఫ్లోరెన్స్ ఉఫీజీ గ్యాలరీలో ఒకతను చేసిందీ అనుకరణే: ఒకప్పుడు ఆ నగరాన్ని ఏలిన మెడిచి వంశపు రాకుమారుడి చిత్రంలోని పోజు పెట్టబోయి, వెనక్కి తూలి కాన్వాస్‌కి చిల్లు పెట్టాడు. అప్పుడు అతని వీపు చిత్రం వైపుంది.