పెరోవ్‌స్కైట్ పొర గారి సముఖానికి

మహారాజశ్రీ పెరోవ్‌స్కైట్ పొర గారికి,

నల్గొండ నుంచి, ఎండను కరెంటుగా మార్చే తమరి లాంటి పొరలతో సోలార్ సెళ్లు చేసే పీహెచ్‌డీ మూడో ఏడు దాసుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మాత్రం శనివారం సాయంత్రం ఆరింటికల్లా పచ్చకామెర్లతో పోయారు.

రెండింటికి తమరిని గాలీ తేమా చొరని గ్లవ్‌బాక్స్ పెట్టెలోంచి తీసి సోలార్ సిమ్యులేటర్ దాకా మోసుకెళ్లాను. కరెంటు పోయింది. సోలార్ సెల్‌ను పరీక్షించాలంటే ఉత్తుత్తి సూర్యుడు కావాలి, ఆ సూర్యుడికేమో కరెంటు కావాలి! ఫోన్లో చెబితే మా నాయిన, "బయట అసలోడున్నడు గదరా, ఆయన కింద పెట్టు" అన్నాడు. పెడదును. బయట ముసురు. లోపల తేమ పీల్చే డీహ్యూమిడిఫయర్ కూడా ఆగింది. నాలుగు గంటలు తమరి పక్కనే కూర్చున్నా. ముందు అంచులు, తర్వాత నడుమ. నిగనిగలాడే నల్లటి ఒళ్లు పోయి, చివరికి మిగిలింది పసుప్పచ్చ లెడ్ అయోడైడ్.

2009లో జపాన్‌లో మియాసాకా బృందం చేతిలో ఎండలో 3.8 శాతాన్ని కరెంటుగా మార్చడంతో మొదలై ఇప్పుడు 26 దాటారట. సంతోషం. ఆ రికార్డు సెల్ ఎంతుంటుందయ్యా అంటే, కందిపప్పు బద్దంత. దాంతో మా బత్తాయి తోట మోటారు తిప్పాలి కాబోలు. పైగా కట్నం అడిగినట్టు మీద బంగారు పూత ఒకటి.

అదంతా పోనీ. తేమ పడదు, వేడి పడదు, వెలుతురు ఎక్కువైనా పడదంటే నువ్వు సోలార్ సెల్‌వి ఎట్లయ్యావ్? కొలతలు 25 డిగ్రీల దగ్గర తీయాలట. 25 అంటే మా ఊళ్లో స్వెటర్లు బయటికొస్తాయి! మే నెల మధ్యాహ్నం మా షెడ్డు రేకు మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు. ప్యానెల్ అన్నాక 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు నిలబడాలి. నువ్వు నాలుగు గంటల ముసురుకే పోతివి. మీ వరసవాడే ఆ కాడ్మియం టెల్యురైడ్, వాడిదీ పలుచటి పొరే, ఎడారుల్లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పనిచేస్తున్నాడు. సిగ్గుండాలి. మూడేళ్లు పోశాను నీకు, మూడేళ్లు!

కానీ ఆ ఒక్క క్షణం ఉంది చూడు. గాజు పలకను గిర్రున తిప్పే స్పిన్ కోటర్ తిరుగుతుంటే క్లోరోబెంజీన్ ద్రావకం చుక్క పడి, 100 డిగ్రీల హాట్‌ప్లేట్ ఎక్కగానే ముదురు గోధుమకు తిరిగి, నల్లబడి, అద్దమైపోతావు. వెంట్రుకలో వందో వంతు మందం లేనిదానివి, నీలో నా మొహం కనిపిస్తుంది.

సోమవారం తొమ్మిదికి గ్లవ్‌బాక్స్ నాదే. గాజు పలకలు కడిగి ఆరబెట్టాను. ముసురు ఇంకా వదల్లేదు.