నైట్లకి గుర్రం ఎక్కడానికి క్రేన్ కావాలా? ఇక ఆపండి బాబూ

ఇప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక రీల్ వచ్చింది. తెలుగులోనే. "మీకు తెలుసా?" అని మొదలు, వెనక దడదడలాడే మ్యూజిక్. మధ్యయుగం యూరప్‌లో నైట్లు, అంటే గుర్రం మీద యుద్ధం చేసే దొరలు, వేసుకునే ఇనుప కవచం ఎంత బరువంటే, వాళ్ళని గుర్రం మీద కూర్చోబెట్టడానికి క్రేన్ వాడేవారట. కింద పడితే వెల్లకిలా పడి లేవలేక అక్కడే చచ్చిపోయేవారట. లక్షల్లో వ్యూస్, కింద బారులు బారులు నవ్వే బొమ్మలు. ఇది అబద్ధం అని మర్యాదగానే రాశాను. దానికి మా బాబాయి కొడుకు రిప్లై: "నువ్వు చూశావా అన్నా అప్పట్లో?" మరి ఆ రీల్ చేసినవాడు చూశాడా? వాడిని ఎందుకు అడగవురా ఆ మాట?

గ్రూపులో గొడవెందుకని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

15వ శతాబ్దంలో యుద్ధానికి వేసుకున్న పూర్తి ప్లేట్ కవచం (ఉక్కు రేకులతో చేసింది), తల నుంచి పాదం దాకా మొత్తం కలిపి, సుమారు 20 నుంచి 25 కేజీలు. అంతే. ఇవాళ్టి సైనికుడు యుద్ధంలో మోసే సామాను చాలాసార్లు అంతకంటే బరువు. పైగా 25 కేజీల బియ్యం బస్తా భుజాన వేసుకుని నడవడం వేరు, అదే బరువుని ఒళ్ళంతా పంచి కట్టుకోవడం వేరు. ఇంగ్లండ్‌లో 15వ శతాబ్దపు రాతప్రతి ఒకటి ఉంది, కాలినడకన పోరాడే మనిషికి కవచం ఎలా తొడగాలో వరసగా చెబుతుంది. చొక్కా వద్దంటుంది, శాటిన్ లైనింగ్ వేసి నిండా చిల్లులు పెట్టిన మందపాటి అంగీ వేయమంటుంది. కాళ్ళ రేకులు ఒరుసుకోకుండా మోకాళ్ళకి పల్చటి దుప్పటి ముక్క చుట్టమంటుంది. కవచం ముక్కల్ని అంగీకి కట్టే తాళ్ళు క్రాస్‌బో (అడ్డంగా పట్టే విల్లు) నారికి వాడే గట్టి దారంతో పేని, చెప్పులు కుట్టేవాళ్ళ మైనం పట్టించాలట. తొడగడం పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలట. మోకాలి చర్మం గురించి ఇంత ఆలోచించిన మనుషులు, వేసుకుంటే గుర్రం కూడా ఎక్కలేని కవచం చేసుకుంటారా? ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసిపోయే విషయం కదా ఇది!

ఆ క్రేన్ మధ్యయుగపు రాతల్లో లేదు, అప్పటి బొమ్మల్లో లేదు. 1944లో వచ్చిన ఒక బ్రిటిష్ సినిమాలో మాత్రం ఉంది. అక్కణ్ణుంచి జనం బుర్రలో దిగబడిపోయింది.

ఇక అందరికీ చెప్పాలనిపించే మనిషి ఒకడున్నాడు, బూసికో. ఫ్రాన్స్ మార్షల్, అంటే పెద్ద సేనాధిపతి. అతను బతికుండగానే రాసిన జీవితచరిత్రలో అతని కసరత్తు గురించి ఉంటుంది. కవచం వేసుకుని, రికాబులో కాలు పెట్టకుండా, నేల మీద నుంచి ఒక్క గెంతులో గుర్రం ఎక్కేవాడట. ఒక్క హెల్మెట్ తప్ప మిగతా కవచమంతా వేసుకుని పిల్లిమొగ్గలు వేసేవాడట. గోడకి ఆనించిన నిచ్చెనని వెనకవైపు నుంచి, కాళ్ళు వాడకుండా, ఉత్త చేతులతో ఎక్కేవాడట. రాసినవాడు పొగిడాడనుకుందాం, సగం కొట్టేయండి. మిగిలిన సగం చాలదా? ఇప్పటికీ అలాంటి కవచాలు చేయించుకుని, వేసుకుని పరిగెత్తి, దొర్లి, లేచి చూపిస్తున్న వాళ్ళున్నారు. వాళ్ళ వీడియోలు ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

"మరి 40 కేజీల కవచాలు మ్యూజియంలో ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. అవి ఎక్కువగా టోర్నమెంట్‌వి, అంటే ఆటకి వేసుకునేవి. ఎదురుగా వచ్చే ఈటె దెబ్బకి తట్టుకోవాలి, కాసేపు ఉంటే చాలు, అందుకే మందం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి 1520లో చేసిన ఒక కవచం 42 కేజీల పైమాటే, ఒంటి మీద ఎక్కడా సందు లేకుండా మూసేస్తుంది. అది దేనికి చేశారో తెలుసా? గుర్రం మీదకి కాదు, నేల మీద నిలబడి పోరాడ్డానికి!

తర్వాత వచ్చే వాదన అజిన్‌కోర్, ఫ్రెంచి వాళ్ళకీ ఇంగ్లీషు వాళ్ళకీ జరిగిన యుద్ధం. "1415లో ఫ్రెంచి వాళ్ళు కవచాల బరువుకి బురదలో కూరుకుపోయి చచ్చారు కదా." వాన పడి, కొత్తగా దున్నిన నేల, రెండు పక్కలా అడవి, ముందు నుంచి ఇంగ్లీషు బాణాలు, వెనక నుంచి తోసుకొచ్చే సొంత మనుషులు. అక్కడ ఒంటి మీద ఏమున్నా మనిషి కష్టపడతాడు. అలసట నిజమే, ఎవరు కాదన్నారు? లీడ్స్‌లో పరిశోధకులు కవచం వేసుకున్న వాళ్ళని ట్రెడ్‌మిల్ ఎక్కించి, నడవడానికి రెట్టింపుకి పైగా శక్తి ఖర్చవుతోందని 2011లో ప్రచురించారు. కాళ్ళ మీది బరువు ప్రతి అడుగుకీ ఎత్తాలి, ఎద రేకు బిగువుకి ఊపిరి నిండా తీసుకోలేరు. అందుకే కదా చిన్నప్పటి నుంచి సాధన చేసేది! అలసిపోవడానికీ క్రేన్ కావాల్సి రావడానికీ తేడా లేదా? పైన చెప్పిన బూసికో ఆ రోజు అక్కడే పట్టుబడ్డాడు, మళ్ళీ ఇంటి ముఖం చూడకుండా 1421లో ఇంగ్లండ్‌లోనే పోయాడు. అదే రోజు చేతికి చిక్కిన ఖైదీలని చంపేయమని ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ ఆజ్ఞ ఇచ్చాడు. గుండె బరువెక్కే చరిత్ర అది. మనకి మాత్రం బురదలో పడి కొట్టుకునే జోకర్లు కావాలి.

అసలు నా కడుపుమంట ఈ రీల్‌తో మొదలవలేదు. కాలేజీ రోజుల్లో ఒక ఇంటర్ కాలేజ్ క్విజ్‌కి వెళ్ళాం. చివరి రౌండ్, మేమూ ఇంకో టీమూ సమానం. "మధ్యయుగపు నైట్లు గుర్రం ఎలా ఎక్కేవారు?" అని ప్రశ్న. అందరిలాగే రికాబులో కాలు పెట్టి ఎక్కేవారు అని చెప్పాను. తప్పు అన్నాడు ఆ క్విజ్ మాస్టర్. అవతలి టీమ్ "క్రేన్" అంది, హాలంతా చప్పట్లు, కప్పు వాళ్ళకి. ఆధారం ఏంటి సార్ అని అడిగితే "పుస్తకంలో ఉంది, కూర్చో" అన్నాడు. ఏ పుస్తకమో చెప్పలేదు. ఆ "కూర్చో" అన్న మాట ఇన్నేళ్ళయినా నా చెవిలో ఉంది. నాకు కప్పు పోయిందని కాదు బాధ. ఆ హాల్లో ఉన్న అంతమంది పిల్లలు, పాతకాలం వాళ్ళకి బుర్ర లేదు అనే నమ్మకంతో ఇంటికెళ్ళారు. వాళ్ళే ఇవాళ ఈ రీల్స్ చేస్తున్నారేమో ఎవరికి తెలుసు.

బుర్ర లేనిది ఎవరికి? గ్లాస్గోలో 1440 ప్రాంతపు మిలాన్ (ఇటలీ) కవచం ఒకటుంది, కోరియో అనే కమ్మరి కుటుంబం చేసింది. ఆ కాలపు మిలాన్ పనితనం చూడండి. ఎడమ మోచేతి రేకు కుడిదానికంటే పెద్దది, ఎందుకంటే ఎదుటివాడి దెబ్బ వచ్చేది ఎడమవైపు. కుడి భుజం రేకుకి ముందు భాగం కోసేసి ఉంటుంది, ఈటె చంకలో ఇరికించాలి కాబట్టి. ఎద రేకుకి కుడిపక్కన ఈటె ఆనించడానికి కొక్కెం. ముందు వైపు మందం, దెబ్బ తక్కువ తగిలే చోట పల్చన. మంచి కవచాల్లో రేకు మీద రేకు జరిగే చోట రివెట్‌కి గుండ్రటి చిల్లు బదులు పొడుగాటి గాడి కొట్టేవారు, చెయ్యి వంచితే రివెట్ ఆ గాడిలో జారుతుంది, రేకులు ఒకదాని కిందికి ఒకటి వెళ్ళిపోతాయి, చెయ్యి చాపితే మళ్ళీ బయటికొస్తాయి. కంప్యూటర్ లేదు, డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. సుత్తి, కొలిమి, కన్ను. మిలాన్, ఆగ్స్‌బర్గ్, నూరెంబర్గ్, ఇన్స్‌బ్రుక్ ఊళ్ళలో తరతరాలు ఇదే పని చేసిన కుటుంబాలున్నాయి. గుర్రం మీది దొర పేరు అందరికీ తెలుసు, ఆ దొర ప్రాణం కాపాడిన కమ్మరి పేరు ఎవరికీ అక్కర్లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చే విషయం ఇదీ.

సినిమాల వాళ్ళు ఇంకో రకం. కత్తి ఇలా ఊపగానే ఉక్కు కవచం అడ్డంగా తెగిపోతుంది. అలా తెగేదైతే అంత డబ్బు పోసి ఎందుకు చేయించుకుంటారండీ? కవచం వేసుకున్నవాడితో పోరాడాలంటే గండ్రగొడ్డలితో తల అదిరేలా మోదాలి, లేదా కత్తిని మధ్యలో పట్టుకుని చంకలోనో గజ్జల్లోనో సందు చూసి పొడవాలి, లేదా కింద పడేసి హెల్మెట్ కంటి సందులోంచి బాకు దించాలి. ఇదంతా వదిలేసి, అన్నిటికంటే ముందు హీరో చేసే పని హెల్మెట్ తీసి పారేయడం.

1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో ఈ ఐదో హెన్రీయే, అప్పటికి 16 ఏళ్ళ యువరాజు, ముఖాన బాణం దెబ్బ తిన్నాడు. బాణం ములుకు ముక్కు పక్క నుంచి 6 అంగుళాల లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. జాన్ బ్రాడ్‌మోర్ అనే శస్త్రవైద్యుడు దానికోసమే ఒక కొత్త పనిముట్టు చేసి బయటికి లాగాడు, గాయానికి తేనె పట్టించి రోజుల తరబడి మాన్పాడు. అంతా అతనే రాసిపెట్టాడు. ఇంకో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో చనిపోయాడు, ఎముకలు 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి. ఎముకల మీద మొత్తం 11 దెబ్బలు, వాటిలో 9 పుర్రె మీదే. హెల్మెట్ ఊడిపోయిన తల మీద పడ్డాయన్నమాట అన్నీ. కవచం ఉన్న ఒళ్ళు దాదాపు అలాగే ఉంది. ఒక రాజు ఎముకలే సాక్ష్యం చెబుతుంటే మీరు ఇంకా జుట్టు ఎగరాలని హెల్మెట్ తీయిస్తారా?

హీరో మొహం కనిపించాలంటే యుద్ధానికి ముందు చూపించండి, తర్వాత చూపించండి. బాణాలు పడుతున్నంతసేపూ మాత్రం వాడి తల మీద హెల్మెట్ ఉంచండి.