తల దొరికింది, మరి ఒళ్లు?

డంక్లియోస్టియస్ సుమారు 36 కోట్ల ఏళ్ల కిందటి కవచచేప. దాని పొడవు పది మీటర్ల దాకా ఉండేదని చాలాచోట్ల రాశారు. 2023లో రసెల్ ఎంగెల్‌మన్ అనే పరిశోధకుడు ఆ అంచనాను నాలుగు మీటర్ల దగ్గరికి తగ్గించారు. దాని మీదే ఈ వాదన.

బాబాయ్: నాలుగు మీటర్లంటే నేనొప్పుకోను శైలజా. అమెరికాలో ఒహాయో రాతిపొరల్లో దొరికిన ఆ తల ఎంతుందో చూడు!

శైలజ: తల దొరికింది బాబాయ్, ఒళ్లేది? తల, భుజాల మీది ఎముక పలకలే శిలాజాలుగా మిగిలాయి. వెనక భాగం చాలావరకు మృదులాస్థి, అది నిలవలేదు.

బాబాయ్: అందుకేగా 2017లో సొరచేపల నోటి కొలతలతో లెక్కకట్టి దాదాపు ఏడు మీటర్లన్నారు.

శైలజ: చిక్కంతా ఆ పోలికతోనే. ఈ చేపలకి ఒంటితో చూస్తే నోరు చాలా పెద్దది. వీటి చుట్టం కొకోస్టియస్ స్కాట్లాండ్‌లో తోకతో సహా దొరికింది. అలా ఒళ్లంతా దొరికిన కవచచేపలకి సొరచేప లెక్క వేస్తే ఉన్నదానికన్నా ఎక్కువ పొడవు వస్తోంది. కళ్లముందున్న చేప దగ్గరే తప్పిన లెక్కని, కనిపించని ఒంటికి ఎలా నమ్మమంటారు? ఎంగెల్‌మన్ కంటి నుంచి మొప్పల మూత వెనక అంచు దాకా ఉన్న దూరం తీసుకున్నారు. దాన్నిబట్టి లెక్కేస్తే మామూలు డంక్లియోస్టియస్‌కి 3.4 మీటర్లు, బాగా పెద్దదానికి 4.1 వచ్చింది.

బాబాయ్: అదీ ఇప్పటి చేపల కొలతేగా?

శైలజ: ఇప్పటివే కాదు, పూర్తిగా దొరికిన కవచచేపల్నీ లెక్కలోకి తీసుకున్నారు.

బాబాయ్: అయితే ఆ సముద్రంలో దాని పెత్తనం పోయినట్టేనా?

శైలజ: ఎందుకు పోతుంది? 2007లో అండర్సన్, వెస్ట్‌నీట్ అనే పరిశోధకులు దాని దవడ కదలికను లెక్కగట్టారు. సెకనులో యాభయ్యో వంతులో నోరు తెరిచేదట, కొరికే బలం దవడ వెనక వైపు 5,300 న్యూటన్లు! అది పుర్రె, దవడల నుంచి వచ్చిన లెక్క, తోక పొడవుతో పనిలేదు. దానికి పళ్లు కూడా లేవు. దవడ ఎముకలే ఒకదానికొకటి రాసుకుని పదునెక్కేవి. నాకు దాని గొప్ప అక్కడే కనిపిస్తుంది.

బాబాయ్: బాగుంది. కానీ ఒళ్లంతా ఉన్న శిలాజం ఒక్కటైనా దొరికేదాకా నీ 4.1 కూడా ఖాయం కాదు.

శైలజ: ఒప్పుకుంటాను. అంతవరకు పిల్లల పుస్తకాల్లో పది మీటర్లని అచ్చేయొద్దు. బొమ్మలో ఎముక ఎక్కడిదాకా దొరికిందో గీత గీసి, దాని వెనక ‘అంచనా’ అని రాయాలి.

బాబాయ్: గీత గీయడానికి నాకేం అభ్యంతరం లేదు.