గుంటూరు ఎన్ని గంటల దూరం?

మొన్న ఇక్కడ అమెరికాలో, డాలస్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది సంబరాల్లో ఒక పెద్దాయన వేదిక మీద అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "ఈ రోజుల్లో 24 గంటల్లో గుంటూరులో ఉండొచ్చు, కన్నవాళ్ళ చివరి చూపుకు వెళ్ళనివాళ్ళకు లేనిది మనసే" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. నా ముందు వరసలో ఒక తమ్ముడు కూర్చున్నాడు. తండ్రి పోయినప్పుడు వీసా స్టాంపింగ్ (తిరిగి రావడానికి పాస్‌పోర్టులో ఉండాల్సిన వీసా ముద్ర) లేక, వెళ్తే మళ్ళీ ఎప్పటికి రాగలడో తెలియక ఆగిపోయినవాడు. పాపను ఎత్తుకుని, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

డాలస్ నుంచి గుంటూరుకు దగ్గరి విమానాశ్రయం గన్నవరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 14,500 కిలోమీటర్లు. అది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, అంటే మనం భూమికి దాదాపు అవతలి వైపున బతుకుతున్నాం. ఆ గీత వెంట మనల్ని తీసుకెళ్ళే విమానం లేదు. గల్ఫ్ దాకా 15 గంటలు, అక్కడ పడిగాపులు, శంషాబాద్‌కి మరో 4 గంటలు, ఆపైన రోడ్డు.

మా నాన్న పోయారని ఫోన్ వచ్చేసరికి ఇక్కడ మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర, గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో బుధవారం పొద్దున ఎనిమిది. ఎంత వెతికినా మర్నాడు సాయంత్రానికి గానీ టికెట్ దొరకలేదు. మధ్యలో 5 గంటలు కుర్చీలో కూర్చుని, శుక్రవారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగి, కారులో పిడుగురాళ్ళ మీదుగా ఇంటికి చేరేసరికి పొద్దున పది. మొత్తం 50 గంటలు. గాల్లో ఉన్నది అందులో 19 గంటలే.

ఆ రెండు రోజులూ నాన్న ఫ్రీజర్ బాక్స్‌లో ఉన్నారు, ఏప్రిల్ ఎండలో, కరెంటు పోతుందేమోనన్న టెన్షన్‌తో. శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు కదా, పక్కింటివాళ్ళు అన్నం తెచ్చినా అమ్మ ముట్టలేదట. షుగర్ మనిషి. నేను గడపలో అడుగు పెట్టేసరికి లేచి నిలబడలేకపోయింది. "పెద్దకొడుక్కి చూపించకుండా ఎలా తీసుకెళ్తాంరా" అంది మా మేనత్త. ఆ మాటలోని ప్రేమ నాకు తెలుసు, దాని ఖరీదు అమ్మ కట్టిందనీ తెలుసు.

పెద్దాయన మాటలో అసలు న్యాయం లేదనను. సెలవు ఉండి, కాగితాలు ఉండి, ఏళ్ళ తరబడి ఊరికి వెళ్ళనివాళ్ళు మనలో ఉన్నారు, వాళ్ళని అడగాల్సిందే. కానీ బతికున్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళావని అడగండి, చివరి రోజు ఎన్ని గంటల్లో చేరావని కాదు.

మనమందరం ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి చెబుదాం: మా కోసం ఆపొద్దు, దగ్గరున్న తమ్ముడో, చెల్లెలో, బాబాయి కొడుకో తలకొరివి పెట్టనివ్వండి, మేము పెద్దకర్మకు అందుకుంటాం అని. నేను అమ్మకు చెప్పాను. ఒప్పుకోలేదు, మళ్ళీ చెబుతాను.

ఉగాది సంబరాల కమిటీవాళ్ళకు ఒక్క మనవి. ఆ రోజు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయిన తమ్ముడి ఇంటికి ఒకసారి వెళ్దాం. నేనూ వస్తాను.