మైండ్‌ఫుల్‌నెస్ గారికి, విజయనగరం నుండి

మహారాజశ్రీ మైండ్‌ఫుల్‌నెస్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని తప్పుపట్టకుండా గమనించే ఎరుక తమరేనట. మొన్న ఆదివారం మూడు లాంతర్లకు దగ్గరలోని ఒక కల్యాణమండపంలో తమరి పేరిట జరిగిన దంపతుల శిబిరానికి హాజరై వచ్చినదాన్ని కనుక, ఈ లేఖ రాసే అర్హత నాకు ఉన్నదనే అనుకుంటున్నాను. రెండు గంటలకన్న కార్యక్రమం నాలుగు దాటాక మొదలవడం, అందులో సగం దుశ్శాలువలకే సరిపోవడం, ‘ఈ క్షణంలో ఉండండి’ అని బోధించినవారే మాటిమాటికీ సెల్‌ఫోన్ చూసుకోవడం వంటి చిల్లర విషయాలతో తమరిని విసిగించను. పద్దెనిమిదేళ్లు నిండకముందు ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొట్టేవారా అంటూ బాల్యపు గాయాలను లెక్కగట్టే పది ప్రశ్నల కాగితాన్ని మా చినమామగారి పక్కన కూర్చోబెట్టి నింపించిన ఘనకార్యాన్ని కూడా వదిలేస్తున్నాను. (ఆ మండపంలో అందరి బాల్యమూ స్వర్ణయుగమేనని తేలి ఉంటుంది.)

నా ఫిర్యాదు ఒక్కటే. ‘ప్రతిస్పందించకుండా గమనించండి’ అన్న ఒక్క వాక్యాన్ని మా వారి చేతిలో పెట్టి ఇంటికి పంపించారు.

మా వారు మాట్లాడకపోవడం కొత్త కాదు. పెళ్లయిన నాటినుండి నా గొంతు కాస్త పెరిగితే చాలు, ఆయన ముఖం తలుపు వేసేసిన కొట్టులా అయిపోతుంది. ఇదివరకు దాన్ని మూతి ముడుచుకోవడం అనేవాళ్లం, దానిమీద దెబ్బలాడడానికి వీలుండేది. ఇప్పుడది సాధన అయి కూర్చుంది. సోమవారం రాత్రి, తన అన్నగారికి నాతో చెప్పకుండా ఇచ్చిన చేబదులు ఎంత అని అడిగితే, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు సగం మూసి, “నీ కోపాన్ని నేను గమనిస్తున్నాను” అన్నారు. అప్పు సంగతి మాత్రం ఆయన గమనికకు రాలేదు. ఇంతలో వంటింట్లోంచి అత్తగారు, “ఆడు ద్యానంలో ఉన్నాడు కదేటమ్మా, కూసేపు ఊరుకోలేవా?” అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఏ పోట్లాటా ఆయన ఇంత సులువుగా గెలవలేదు.

తమరి గురించి నేను చదువుకున్నది వేరు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన శిక్షణ ఎనిమిది వారాలది, ఒక ఆదివారం సాయంత్రానిది కాదు. దాని మూలం బౌద్ధమట. ఆ బౌద్ధం మా వైపు శాలిహుండంలోనూ, రామతీర్థం గురుభక్తులకొండ మీదా ఎప్పుడో కాపురమున్నదే కనుక తమరు మాకు పరాయివారు కూడా కారు. 2006లో మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బేయర్ బృందం తమరిని ఐదు పాళ్లుగా విడదీసింది: గమనించడం, గమనించినదాన్ని మాటల్లో చెప్పగలగడం, చేస్తున్న పని మీద స్పృహ ఉండడం, లోపలి అనుభవాన్ని తప్పుపట్టకపోవడం, దానికి వెంటనే ప్రతిస్పందించకపోవడం. విజయనగరం చేరేసరికి ఆ రెండోది ఏ స్టేషన్లో దిగిపోయిందండీ? పైగా ప్రతిస్పందించకూడనిది తనలో లేచే భయానికీ కోపానికీ గానీ, ఎదురుగా నిలబడి లెక్క అడుగుతున్న పెళ్లానికి కాదు. ఈ ముక్క చెప్పడానికి మైకు అక్కర్లేదు.

బాల్యంలో గాయపడినవారు పెద్దయ్యాక దాంపత్యంలో తృప్తి తక్కువని చెప్పడం సగటున ఎక్కువనీ, ఆ నష్టాన్ని ఎరుక కొంత తగ్గించవచ్చుననీ పరిశోధకులు అంటున్నారు. అయితే వారి ఆధారాలలో చాలావరకు జనం తమ గురించి తామే ఒకసారి నింపిచ్చిన ప్రశ్నావళులు. ఎరుక వల్ల కాపురం కుదుటపడిందో, కుదురైన కాపురంలో ఎరుక నిలిచిందో వాటితో తేలదు. శిబిరంలో మాత్రం అది తేలిపోయినట్టే చెప్పి, ధ్రువపత్రాలు కూడా ఇచ్చారు.

నిజం దాచను. ఆ ఆదివారం స్కూటరు మీద తిరిగి వస్తూ, పెద్ద చెరువు దగ్గర వేగం తగ్గించి ఆయన ఒక మాట చెప్పారు: “నాన్న సైకిలుకు స్టాండు వేసిన చప్పుడు వినబడగానే పుస్తకం పట్టుకుని మంచం కింద దూరేవాడిని. నువ్వు గట్టిగా మాట్లాడితే నాకిప్పటికీ ఆ స్టాండే వినబడుతుంది.” కొట్టి పెంచితేనే బుద్ధి వస్తుందనే ఇంట్లో పుట్టిన మనిషి చేత ఆ రెండు ముక్కలు పలికించింది తమరు పెట్టించిన ఐదు నిమిషాల మౌనమే అయితే, తమరికి దణ్ణం. ఆ రాత్రి నేను గొంతు పెంచలేదు. నోరు విప్పిన ఆ మనిషిని ఒక్క రాత్రికి మించి మాకు ఉంచకుండా మళ్లీ మంచం కిందకు తోసి, దానికి సాధన అని పేరు పెట్టి పంపడానికి మీకు మనసెలా వచ్చిందయ్యా? అక్కడ దాక్కున్న పిల్లవాడికి నిశ్శబ్దం చేతనవును. దాన్ని నేర్పడానికి మేము జంటకింతని రుసుము కట్టాలా? వాడికి చేతకానిది నోరు తెరవడం, మీరు నేర్పనిదీ అదే.

కనుక రెండో విడతకు రమ్మని పంపిన కబురుకు ఇదే నా జవాబు. ముందు ఆయన చేత ఆ చేబదులు ఎంతో, ఎప్పుడు తిరిగొస్తుందో, నాకు చెప్పడానికి ఎందుకు భయపడ్డారో చెప్పించండి. నా వంతుగా గొంతు తగ్గించి వింటాను. ఆ తరువాత ఊపిరి గమనించుకుంటూ తెల్లవార్లూ కూర్చోమనండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
తమరి శిబిరంలో ముందు వరసలో కూర్చున్న
ఒక ఇల్లాలు